వాచింది కన్నే, జబ్బు కంట్లోనే ఉందా?

కోడికి కన్ను వాచిందంటే కర్నూలు, కడప పల్లెల్లో జరిగేది ఇంచుమించు ఒకటే. దాన్ని పట్టుకుని కంట్లో పసుపునీళ్లో ఆముదమో వేస్తారు. రెండోరోజుకి తగ్గకపోతే మందులషాపులో మనుషులకిచ్చే గొట్టం మాత్ర ఒకటి తెచ్చి, విప్పి, సగం పొడి నీళ్లలో కలిపి తాగిస్తారు. అదీ పనిచేయకుంటే మూడోరోజు రాగిసంగటిలోకి కూరవుతుంది. ఈ మూడు పనుల వెనకా ఉన్న నమ్మకం ఒక్కటే: కన్ను వాచింది గనక అది కంటిజబ్బు అని. ఈ నమ్మకమే తప్పంటాను. పెరటికోళ్లలో కన్ను వాచడమంటే చాలాసార్లు ముక్కులోనో, తిండిలోనో, రాత్రి మూసే గంపలోనో, ఇంటి పక్క మురుగుగుంటలోనో పుట్టిన చెడు కంటి దగ్గర బయటపడటమే. మూలం కనిపెట్టకుండా కంట్లో ఏం పోసినా అది గురి లేని రాయే. కనిపెట్టడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. ఎన్ని కోళ్లకు వచ్చింది, ఒక కన్నా రెండా, వాసనుందా, పెచ్చులున్నాయా, ఇది ఏ కాలం అని చూడటం తెలిస్తే సగం పని అయినట్టే.

ముందు కోడి తల కట్టడం తెలుసుకోవాలి. కంటికి ముందు, కాస్త కిందుగా, ముక్కుతో కలిసిపోయిన ఒక గాలి గది ఉంటుంది. మనకూ ముఖంలో ఇలాంటి సైనస్ గదులున్నాయి, కానీ వాటి చుట్టూ ఎముక ఉంటుంది. అందుకే మనకు జలుబు ముదిరితే తలనొప్పి వస్తుంది తప్ప ముఖం ఉబ్బడం అరుదు. కోడికి ఆ గది బయటిగోడ మెత్తటి చర్మమే. లోపల చీమిడి నిండితే అది బుడగలా ఉబ్బి, కంటిని నొక్కేసి రెప్పలు మూసేస్తుంది. చూసేవాళ్లు కన్ను వాచిందంటారు. వాచింది కంటి పక్క గది. ఇంకో తేడా కూడా ఉంది. మనిషికి చీము కారుతుంది, కోడికి గడ్డకడుతుంది. చీమును పలుచన చేసే రసాలు పక్షుల తెల్లకణాల్లో కొరవడటం వల్ల అది జున్నుముక్కలా గట్టిపడి రెప్ప కింద కూర్చుంటుంది. ఆ ముక్కలోకి రక్తం పోదు, కాబట్టి రక్తంతో పాటు పోవలసిన మందూ పోదు. ఎన్ని చుక్కలు వేసినా తగ్గలేదని విసుగొచ్చిన చోట, రెప్ప ఎత్తి చూస్తే తెల్లటి గడ్డ అలాగే ఉండటం మామూలే. పశువైద్యుడు దాన్ని తడిపి, మెల్లగా తీసేస్తే తప్ప ఆ కన్ను తెరుచుకోదు.

ఆ గదిని నింపే జబ్బుల్లో ముఖ్యమైనవి రెండు. మొదటిది కొరైజా, బ్యాక్టీరియా తెచ్చే జలుబు. సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడి, ఇంట్లో కోళ్లన్నిటికీ వరసగా పాకుతుంది. ముఖం ఉబ్బడంతో పాటు దగ్గరకెళితే కుళ్లువాసన కొడుతుంది. ఆ వాసనే దీనికి పెద్ద గుర్తు. రెండోది మైకోప్లాస్మా, నిదానమైన జబ్బు. కంటిమూలలో నురుగు, తుమ్ములు, రాత్రిపూట గురగుర, ఇలా వారాలకు వారాలు నడుస్తుంది, పైగా గుడ్డు ద్వారా తల్లి నుంచి పిల్లకూ దిగుతుంది. ఇంత ఎండిన సీమలో జలుబు రోగాలేమిటని ఎవరైనా అడగొచ్చు. జవాబు ఆ ఎండలోనే ఉంది. కర్నూలు, నంద్యాలలో ఎండ 42, 43 డిగ్రీలకు ఎక్కినప్పుడు ఇంట్లో ఉన్న కోళ్లన్నీ ఒకే నీళ్లచిప్ప చుట్టూ మూగుతాయి. కొరైజా క్రిమికి అంతకన్నా మంచి దారి దొరకదు. ఇక బయటి నుంచి ఇంటికి రావడానికి సంత ఉండనే ఉంది. పొద్దున కొన్న పెట్టను సాయంత్రానికి పాత కోళ్లతో కలిపి మూసేస్తాం. చూడ్డానికి అది ఆరోగ్యంగానే ఉంటుంది, ఎందుకంటే ఈ రెండు జబ్బుల నుంచీ కోలుకున్న కోడి కూడా క్రిమిని మోస్తూనే తిరుగుతుంది. కొత్త కోడిని మూడు వారాలు వేరే చోట, వేరే చిప్పతో ఉంచితే ఏ మందూ చేయలేని మేలు జరుగుతుంది.

మశూచి దారి వేరు. పల్లెల్లో అమ్మవారు అని చెప్పుకునే ఈ జబ్బు వైరస్‌ది. దోమ కుట్టి అంటిస్తుంది. కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరిమళ్ల ఊళ్లలో దోమలకు కరువు లేదు. మెట్ట ఊళ్లలోనూ బోరు దగ్గర, కొళాయి దగ్గర నిలిచిన నీళ్లు చాలు. తురాయి మీద, తమ్మెల మీద, ముక్కు చుట్టూ, రెప్పల మీద పొక్కులు లేచి ముదురు రంగు పెచ్చులు కడతాయి. కుళ్లువాసన ఉండదు. రెప్పలు అంటుకుపోయిన కోడికి గింజ కనపడదు. దాన్ని చంపేది ఒక్కోసారి వైరస్ కన్నా ఆకలే. అందుకే దాన్ని పట్టుకుని ముక్కు నీళ్లలో ముంచి తాగించడం, మెత్తటి సంగటి నోటికందించడం ఇక్కడ అసలైన వైద్యం. పెచ్చులు గిల్లకూడదు. రాలిన పెచ్చుల్లో ఆ వైరస్ నెలల తరబడి బతికుంటుంది. గొంతులో కూడా పసుపుపచ్చ పొర కడితే మాత్రం ఊపిరి ఆడక చనిపోవచ్చు. ఆ కోడిని ఆసుపత్రికి తీసుకుపోవలసిందే. గొట్టం మాత్రకు ఇంత పేరు రావడానికి కారణం కూడా మశూచే అనిపిస్తుంది. మాత్ర వేశాం, తగ్గింది కదా అంటారు. చర్మం మీద వచ్చే మశూచి మూడు నాలుగు వారాల్లో దానంతటదే పెచ్చులు రాల్చుకుని తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పుండులో చీము పట్టినప్పుడు ఆ చీముకు మాత్రమే పనికొస్తుంది. మాత్ర వేయని పక్కింటి కోడికి కూడా అదే సమయానికి తగ్గిందా లేదా అని ఎవరూ లెక్కచూడరు, అంతే.

రాయలసీమలో నేను ఎక్కువగా అనుమానించే కారణం మాత్రం క్రిమి కాదు, పచ్చదనం కరువు. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది, అదీ నాలుగైదు నెలల్లోనే. సంక్రాంతి దాటి కల్లాలు ఖాళీ అయ్యాక తొలకరి వరకూ కోడికి పచ్చగడ్డి పోచ దొరకడం గగనం. ఇంటివాళ్లు వేసేది తెల్లజొన్నలు, బియ్యపు నూకలు, మిగిలిన సంగటి. కడుపు నిండుతుంది గానీ వీటిలో విటమిన్ ఎ దాదాపు లేదనే చెప్పాలి. గింజల్లో పసుపుపచ్చ మొక్కజొన్నలోనే అది కాస్త చెప్పుకోదగ్గంత దొరికేది. విటమిన్ ఎ తగ్గితే కంట్లో, ముక్కులో, గొంతులో తడిగా ఉండాల్సిన పొర ఎండి గట్టిపడుతుంది. కన్నీరు ఆగిపోతుంది, రెండు కళ్లూ వాస్తాయి, రెప్ప కింద తెల్లటి జున్నులాంటిది చేరుతుంది. నోరు తెరిచి చూస్తే అంగిట్లో, గొంతులో కొర్రగింజంత తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. కుళ్లువాసన లేకుండా, పెచ్చులు లేకుండా, ఎండాకాలం చివర రెండు కళ్లూ వాచి, నోట్లో ఈ మచ్చలుంటే ముందు అనుమానించవలసింది తిండినే. అయినా ఒక అభ్యంతరం న్యాయమైనదే: తిరిగి మేసే నాటుకోడి పురుగూ పుట్రా ఏరుకు తింటుంది కదా, దానికి లోపమెందుకు వస్తుంది? వానాకాలంలో నిజంగానే రాదు. లివరులో దాచుకున్న నిల్వతో మరికొన్నాళ్లు నెట్టుకొస్తుంది కూడా. కానీ ఇప్పుడు పెరళ్లలో హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ వృద్ధి చేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లూ ఉన్నాయి. ఇవి నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి, ప్రతి పచ్చసొనా తల్లి నిల్వలోంచి కొంత విటమిన్ ఎ పట్టుకుపోతుంది. ఊళ్లలో కుక్కల భయానికి, పట్నాల్లో మిద్దెల మీద, వాటిని మూసి పెంచడం కూడా ఎక్కువైంది. దీనికి మందు ఇంటి ముందే ఉంది: మునగాకు, అవిశాకు, తోటకూర, సన్నగా తరిగి రోజూ ఇంత. కన్ను మూసుకుపోయిన కోడికి ఆకు పనిచేసేలోపు ఆలస్యమవుతుంది గనక దానికి పశువైద్యుడు చెప్పిన మోతాదులో విటమిన్ ఎ ద్రావణం ఇవ్వాలి. ఎక్కువైతే అదీ విషమే.

మిగతా కారణాలు చిన్నవి. తెల్లారి గంప ఎత్తగానే మన ముక్కుకే ఘాటు తగిలిందంటే, ఆ రెట్టల మీద జానెడు ఎత్తులో రాత్రంతా కళ్లు పెట్టుకుని పడుకున్న కోడి సంగతి ఊహించుకోవచ్చు; ఆ అమోనియా కంటిపొరను కాల్చేస్తుంది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి దుమ్ము, కల్లాల్లో నూగు, కొట్లాటలో ముక్కుపోట్లు కూడా కన్ను వాపిస్తాయి. ముక్కుపోటు లాంటి దెబ్బ తగిలినప్పుడు సాధారణంగా ఒక కోడికి, అదీ ఒక కంటికే వస్తుంది. మూడో రెప్ప కింద సన్నటి తెల్ల పురుగులు కదులుతున్నాయంటే బొద్దింకలు తినడం వల్ల వచ్చిన కంటిపురుగు. దాన్ని వైద్యుడే తీయాలి.

వైద్యం ఆలోచనే వదిలేయవలసిన సందర్భం ఒకటుంది. ముఖం వాపుతో పాటు ఆకుపచ్చ విరేచనం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలిపడటం, రెండు రోజుల్లోనే వరసగా చావులు ఉంటే అది కొక్కెర తెగులు కావచ్చు, బర్డ్ ఫ్లూ కావచ్చు. రెండూ వైరస్‌లే, రెండింటికీ మందు లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలతో పాటు కర్నూలులోనూ బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది కాబట్టి అది ఎక్కడో కోస్తా సంగతని అనుకోవడానికి లేదు. అలాంటి కోడిని కోయడం, బొచ్చు పీకడం, సగం ధరకు అమ్మేయడం చేయొద్దు. ఉడికిన కూరతో కన్నా కోసే చేతికే ప్రమాదం ఎక్కువ. కొక్కెర తెగులు వైరస్ కూడా పట్టుకున్న మనిషి కళ్లు కొన్నిరోజులు ఎర్రబారేలా చేయగలదు. ఏ కోడి కన్ను తుడిచినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

ఇంట్లో చేయదగ్గ పనులు కొన్నే. వాచిన కోడిని వేరుచేసి, నీడలో, విడి చిప్పతో ఉంచాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు కరిగించి, గోరువెచ్చగా, శుభ్రమైన గుడ్డతో రోజుకు రెండు మూడుసార్లు కన్ను తడిపి తుడవాలి. సున్నం, పొగాకు రసం వద్దు. పసుపును నేను తీసిపారేయను. రెప్ప బయటి పుండు మీద వేపనూనెతో కలిపి రాస్తే నష్టం లేదు. కంటి గుడ్డు మీద మాత్రం అది ఇసుకతో సమానం. ఇంట్లో మిగిలిపోయిన మనుషుల కంటిచుక్కల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు, కంటిపొర మీద పుండుంటే అది కన్నే పోగొడుతుంది. కొరైజాకు, మైకోప్లాస్మాకు యాంటీబయాటిక్ పనిచేస్తుంది, కాదనను. ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది వైద్యుడు చెప్పాలి. ఆ మందు వేసినన్నాళ్లూ, తర్వాత ఆయన చెప్పినన్ని రోజులూ గుడ్డూ మాంసమూ తినకూడదు. మూడోరోజు కూర చేసుకునే అలవాటుతో చిక్కు ఇదే: సగం గొట్టం మందు తిరిగి మన పిల్లల కంచంలోకే వస్తుంది. మనుషులకు ఆఖరి అస్త్రంగా వాడే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను కోళ్లకూ పశువులకూ వాడటాన్ని కేంద్రం 2019లో నిషేధించింది, క్రిములు దానికి లొంగకుండా పోతాయన్న భయంతోనే.

అసలైన అభ్యంతరం డబ్బుది. కోడి ధర వందల్లో, దాన్ని ప్రొద్దుటూరు పశువైద్య కళాశాలకో మండల ఆసుపత్రికో మోసుకుపోతే ఆటో ఖర్చు, పోయిన కూలీ కలిసి అంతకంటే ఎక్కువ. ఇది సోమరితనపు వాదన కాదు, నిజమైన లెక్క. కానీ ఆ లెక్క ఒక కోడి దగ్గరే ఆగిపోతుంది. కొరైజా పాకితే పోయేది గంపెడు కోళ్లు, ఆ ఇంటి ఆడవాళ్ల చేతిఖర్చు. పైగా గమనించడానికి పైసా ఖర్చు లేదు. చూసినదాన్ని పశువైద్య సేవల 1962 నంబరుకో, ఊళ్లోని పశుసంవర్ధక సహాయకుడికో ఫోనులో చెప్పడానికీ ఖర్చు లేదు. మశూచికి, కొక్కెర తెగులుకు టీకాలున్నాయి, కోడి ఒక్కింటికి అయ్యేది కొద్ది రూపాయలే. మశూచి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో రెక్క పొరలో గుచ్చుతారు. కొక్కెర తెగులుకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిదో వారంలో సూది. వీటితో కన్ను వాపులన్నీ పోవు గానీ చంపేవీ గుడ్డి చేసేవీ చాలావరకు పోతాయి. మరి ఎందుకు వేయించడం లేదంటే, టీకా సీసాలు వందల డోసుల లెక్కన వస్తాయి, కలిపిన టీకా రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఎనిమిది కోళ్లున్న ఇంటికి అది పొసగదు. సీసాలు ఫారాల కొలతకు తయారవుతున్నాయి, దేశంలో పెరటికోళ్లేమో 2019 పశుగణన నాటికే 31.7 కోట్లకు చేరాయి. ఈ పొంతన ఊరే కుదుర్చుకోవాలి. మృగశిర కార్తెకు ముందు, దోమలు లేవకముందే, ఒక సాయంత్రం కోళ్లు గూటికి చేరే వేళ వీధి మొత్తానికి ఒకేసారి వేయిస్తే సీసా వృథా కాదు. మీ వీధిలో జబ్బు లేని కోళ్లు ఎన్నున్నాయో ఇంటింటికీ తిరిగి లెక్కపెట్టి, ఆ సంఖ్య కాగితం మీద రాసుకుని రైతు సేవా కేంద్రానికి వెళ్లండి.