ముండ్ల తొండ ఎవరి చుట్టము?

ఎండవేళ కంచెమీద కూర్చుండి తల ఎగురవేయు తొండను ఎరుగనివారు మనలో ఉండరు. బాల్యమున దానిపై రాయి విసరని వారును అరుదే. నేనును విసరితిని. అది మాకు చేసిన అపకారమేమియు లేదు. దాని గరుకు మేను, మెడమీది ముండ్లు, ఎఱ్ఱబారిన గొంతు చూచి అది చెడ్డదని మేమే తీర్పు చెప్పితిమి. ఆ తొండకు దూరదేశమున ఒక చుట్టము కలదు. దానిని గూర్చి మన విద్యార్థులకు నాలుగు మాటలు చెప్పుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఆస్ట్రేలియా ఖండపు పడమటి, నడిమి ఎడారులలో ‘థార్నీ డెవిల్’ అను చిన్న ప్రాణి నివసించును. ఆ పేరునకు ముండ్ల భూతమని అర్థము. తోకతో కలిపి దాని పొడవు సుమారు 20 సెంటీమీటర్లకు మించదు. తల మొదలు తోక కొన వరకు మొనదేలిన ముండ్లే. 1841లో ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే దీనికి ‘మోలాక్ హారిడస్’ అని శాస్త్రీయ నామము నొసగెను. మోలాక్ అనగా ప్రాచీన పశ్చిమాసియాలో శిశుబలులు గొన్నట్లు చెప్పబడు దేవత. ‘హారిడస్’ అను లాటిన్ పదమునకు గరుకైనది, ముండ్లు నిక్కినది అను అర్థమును, భయంకరమైనది అను అర్థమును కలవు.

ఇంతటి పేరు మోయుచున్న ఈ ప్రాణి తినునది చీమలను మాత్రమే. చీమల బారు ప్రక్కన నిలిచి, ఒక్కొక్క దానిని నాలుకతో అందుకొనును. శత్రువు ఎదురైనచో తలను ముందరి కాళ్ల నడుమ దాచుకొని, మెడపైనున్న ముండ్ల బొడిపెను తలవలె చూపును. ఇది నీరు త్రాగు విధము మరింత వింత. దాని పొలుసుల నడుమ సన్నని కాలువలు కలవు. తడి ఇసుకపై నిలిచినప్పుడు, దీపపు వత్తి నూనెను పైకి లాగుకొనునట్లు, ఆ కాలువలు నీటిని లాగి నోటి మూలలకు చేర్చును. అది దవడలు కదల్చుచు ఆ నీటిని మ్రింగును.

ఇక దీని వర్గీకరణము. వర్గము కార్డేటా. విభాగము సరీసృపములు. క్రమము స్క్వామేటా, అనగా పొలుసుల దేహము గల బల్లులు, పాములు చేరినది. కుటుంబము అగామిడే. ప్రజాతి మోలాక్. ఆ ప్రజాతిలో నేడు జీవించియున్న జాతి ఇదొక్కటే. మన తొండ, అనగా ‘కాలోటిస్ వెర్సికలర్’, ఈ అగామిడే కుటుంబము లోనిదే. కావున దీనిని ముండ్ల తొండ యనుట తగును.

ఇచట ఒక చిక్కు కలదు. ఉత్తర అమెరికా ఎడారులలో ‘ఫ్రైనోసోమా’ అను కొమ్ముల బల్లులు కలవు. వానికిని ఒడలెల్ల ముండ్లే, వాని ఆహారమునను చీమలే ప్రధానము. రెంటిని ప్రక్కప్రక్కన ఉంచినచో తోబుట్టువులనియే భ్రమింతుము. కాని నోరు తెరచి చూచినచో గుట్టు బయటపడును. ముండ్ల తొండకు దవడ ప్రక్కల దంతములు ఎముక అంచుపై అతికియుండును. కొమ్ముల బల్లికి అవి దవడ లోపలి వైపున అంటియుండును. జన్యు పరిశోధనలును ఈ భేదమునే బలపరచినవి. కొమ్ముల బల్లి కుటుంబము వేరు. ముండ్ల తొండకు దానికన్న మన కంచెమీది తొండయు, ఊసరవెల్లియు దగ్గరి చుట్టములు. ఒకే తీరు ఎడారి, ఒకే తీరు ఆహారము రెండు వేర్వేరు వంశములను ఒకే రూపునకు మలచినవి. దీనినే అభిసారి పరిణామ మందురు.

భాష బోధించువాడను గనుక నాకు ఇది కొత్తగా తోచలేదు. త్రాగెడి ‘పాలు’, పంచుకొనెడి ‘పాలు’ వినుటకు ఒక్కటే, మూలములు వేరు. తెలుగు ‘చెవి’, కన్నడ ‘కివి’ వినుటకు వేరు, మూలము ఒక్కటే. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణమును ప్రకటించినప్పుడు ఆయన వెదకినదియు పైపోలికను గాదు, లోపలి కట్టడమును. వర్గీకరణ పట్టికను మార్కుల కొరకు వల్లించు విద్యార్థులు ఈ సంగతి గ్రహింపవలెను. అది పేర్ల జాబితా కాదు, వంశవృక్షము. క్రొత్త సాక్ష్యము దొరికినప్పుడు అందులోని కొమ్మలు సవరింపబడును. చూపునకు తోచిన తీర్పును మార్చుకొనుటకు సిద్ధపడుటయే శాస్త్రము నేర్పు మొదటి పాఠము.

మొన్న మా వీధిలో ఒక బాలుడు గోడమీది తొండపై రాయి ఎత్తగా వాని చేయి పట్టుకొంటిని. “అది మంచిది కాదు సార్” అనెను. “ఎవరు చెప్పినారు?” అని అడిగితిని. వాడు కొంతసేపు ఆలోచించి, “దాన్ని చూస్తే అట్లనే ఉంది” అనెను. ఆ వయసున నేనును అదే జవాబు చెప్పియుందును. ఇద్దరము అచటనే నిలిచి, అది గోడ దిగిపోవువరకు చూచితిమి. వాడు రాయి క్రింద పడవేసెను.