ఓడెక్కి చూడండి... ఆ తర్వాతే ఫీజు కట్టండి!

మధురవాడలో ఉండేవాళ్లకు కెరీర్ అనగానే కళ్ల ముందు కనిపించేది ఒకటే... ఐటీ హిల్స్. కాస్త తల తిప్పితే అదే కొండకు అవతల సముద్రం. అక్కడ లంగరేసిన ఓడలను మనం సెల్ఫీలకు బ్యాక్‌గ్రౌండ్‌గా చూస్తాం గానీ, ఉద్యోగం చేసే చోటుగా చూడం. బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న మెకానికల్, ఈఈఈ, ఈసీఈ విద్యార్థులు మాత్రం నన్ను తరచూ ఓ ప్రశ్న అడుగుతుంటారు. ‘మర్చంట్ నేవీకి వెళ్తే ఎలా ఉంటుంది?’ అని. యూట్యూబ్‌లో జీతాల వీడియోలు చూసి అడిగేవాళ్లే ఎక్కువ. వాళ్లకు నేను చెప్పే మొదటి మాట: ముందు ఓసారి ఓడెక్కి అండమాన్ వెళ్లి రండి. లక్షలు పోసి కోర్సులో చేరే ముందు మీకు మీరే పెట్టుకునే పరీక్ష ఇది.

ఏ ఓడ? ఎన్ని గంటలు?

చెన్నై, కోల్‌కతాలతో పాటు విశాఖ నుంచీ పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడలు నడుస్తాయి. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు కానీ, జనం నోట ఇంకా పాత పేరే. చెన్నై, కోల్‌కతాల నుంచి నెలకు మూడు నాలుగు ట్రిప్పులు ఉంటే, మన దగ్గర్నుంచి మామూలుగా నెలకు ఒకటే. కొన్ని నెలల్లో అదీ ఉండదు. అండమాన్ అడ్మినిస్ట్రేషన్‌లోని షిప్పింగ్ సర్వీసెస్ డైరెక్టరేట్ ఇచ్చే షెడ్యూల్ చూసుకున్నాకే ప్లాన్ వేసుకోవాలి.

దూరం దాదాపు 1,200 కిలోమీటర్లు. సమయం సుమారు 56 గంటలు. లెక్కేస్తే గంటకు 21 కిలోమీటర్లు! హైవే మీద సైకిల్‌ను కాస్త గట్టిగా తొక్కితే వచ్చే వేగం. విమానంలో రెండు మూడు గంటల్లో అయిపోయే దూరానికి ఇక్కడ రెండు రాత్రులు పైనే పడుతుంది. అన్నిటికన్నా చవకైనది బంక్ క్లాస్. పెద్ద హాల్లో వరుసగా బెర్తులుంటాయి. ఆపైన రకరకాల క్యాబిన్లు. దీవుల్లో స్థిరపడినవాళ్లకు టికెట్‌లో రాయితీ ఉంటుంది. ఆ రేటు చూసి మనకూ అంతే అనుకోకండి.

ఇంకో విశేషం. ఈ రూట్లలో తిరిగిన ‘ఎంవీ స్వరాజ్ ద్వీప్’ను కట్టింది మన హిందుస్థాన్ షిప్‌యార్డే. స్వతంత్ర భారతంలో తొలి పెద్ద ఓడ ‘జల ఉష’ 1948లో నీళ్లలోకి దిగింది కూడా ఈ యార్డు నుంచే. ఓడలు కట్టే ఊళ్లో పుట్టి, ఓడ లోపల ఎలా ఉంటుందో తెలియకపోవడం ఏం బాగుంటుంది చెప్పండి?

అవతలి ఒడ్డున అగ్నిపర్వతం

ఈ ప్రయాణానికి ఇంకో ఆకర్షణ కూడా ఉంది. మన దేశంలో మేల్కొని ఉన్న అగ్నిపర్వతం ఒక్కటే... అండమాన్‌లోని బారెన్ ఐలాండ్. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా దాదాపు 140 కిలోమీటర్ల దూరం. మనుషులుండరు. 1787లో అది బద్దలైనట్టు తొలి రికార్డు ఉంది. ఆ తర్వాత ఒక దశలో దాదాపు ఒకటిన్నర శతాబ్దం నిద్రపోయి, 1991లో మళ్లీ లేచింది. అప్పట్నుంచి అప్పుడప్పుడూ పొగ, బూడిద, లావా కక్కుతూనే ఉంది. నీటిపైన దాని ఎత్తు సుమారు 350 మీటర్లే. అసలు కొండంతా నీళ్ల కిందే ఉంది. అడుగు రెండు కిలోమీటర్ల లోతున మొదలవుతుంది.

మనం ఎక్కే ఓడ దాని పక్కకు పోదు. అనుమతులు లేకుండా అటు వెళ్లడం కుదరదు. అయినా ఆ కొండ గురించి తెలుసుకోవాలి. భారత పలక బర్మా పలక కిందకు దూరుతున్న చోట పుట్టిందది. 2004 డిసెంబరు 26 సునామీని రేపిన భూకంపం కూడా ఆ పలకల హద్దు మీదే వచ్చింది. ఆ దెబ్బ తర్వాతే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007లో సునామీ హెచ్చరికల కేంద్రం మొదలైంది. సెన్సర్లు, డేటా, మోడలింగ్... అక్కడ జరిగేదంతా మనం చదువుకున్న ఇంజినీరింగే. సముద్రమంటే ఇష్టం, ఓడ జీవితం మాత్రం వద్దనుకునేవాళ్లు ఇలాంటి సంస్థల నోటిఫికేషన్లపై ఓ కన్నేసి ఉంచండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం చదువూ ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు విశాఖలోనే ప్రాంతీయ కేంద్రం ఉంది.

ఆ 56 గంటల్లో ఏం గమనించాలి?

మొదటిది, కడుపు. హార్బర్ దాటి కాసేపయ్యాక ఓడ ఊగడం మొదలవుతుంది. కొందరికి ఏమీ కాదు, కొందరు లేవలేరు. డాక్టర్‌ని అడిగి మాత్రలు దగ్గర పెట్టుకోండి. మొదటి రోజు వాంతులైనంత మాత్రాన మీరు పనికిరారని కాదు. రెండో రోజుకు శరీరం సర్దుకుంటోందా లేదా అన్నది చూడండి.

రెండోది, ఫోన్. తీరం దాటితే సిగ్నల్ పోతుంది. 2020లో చెన్నై నుంచి అండమాన్‌కు దాదాపు 2,300 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ వేశాక అక్కడ నెట్ బాగుపడింది కానీ, అది సముద్రం అడుగున ఉంది, మీరు పైన ఉన్నారు! రీల్స్ లేని రెండున్నర రోజులు మీకు హాయిగా అనిపించాయా, పిచ్చెక్కించాయా? నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే ఉద్యోగానికి ఇది చిన్న శాంపిల్. ఇప్పుడు చాలా సరుకు ఓడల్లో శాటిలైట్ నెట్ ఉంటుంది. కానీ ఒంటరితనానికి వైఫై మందు కాదు.

మూడోది, గడియారం. విశాఖకూ పోర్ట్‌బ్లెయిర్‌కూ రేఖాంశంలో తేడా తొమ్మిది డిగ్రీలకు పైనే. డిగ్రీకి నాలుగు నిమిషాల లెక్కన, అక్కడ పొద్దు మనకన్నా దాదాపు 38 నిమిషాలు ముందే నడుస్తుంది. గడియారం మాత్రం ఒకటే. సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంటే కంగారు పడకండి.

నాలుగోది, సిబ్బంది. డెక్ మీద ఎవరుంటారు, ఇంజిన్ రూమ్‌లో ఎవరుంటారు, డ్యూటీ ఎలా మారుతుంది? ఇంజిన్ రూమ్‌లోకి ప్రయాణికులను రానివ్వరు. డ్యూటీ దిగి టీ తాగుతున్నవాళ్లను మర్యాదగా ‘అన్నా, మీరెలా వచ్చారు ఈ లైన్లోకి?’ అని అడగండి. తోటి ప్రయాణికుల్లో మన శ్రీకాకుళం యాస వినిపిస్తే ఆశ్చర్యపోవద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో 13 శాతానికి పైగా తెలుగువాళ్లే.

తిరిగొచ్చాక... దారులివి

‘ఇది నాకు సరిపడుతుంది’ అనిపిస్తే అప్పుడు అసలు పని మొదలు. మెకానికల్ బీటెక్ చేసినవాళ్లకు గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్ అనే ఏడాది కోర్సు ఉంది. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్లకు ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ కోర్సు సుమారు నాలుగు నెలలు. ఇంటర్ ఎంపీసీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష గురించి చెప్పండి. ఆ వర్సిటీకి విశాఖలోనూ క్యాంపస్ ఉంది. ఓడల డిజైన్ నేర్పే నేవల్ ఆర్కిటెక్చర్‌కు పేరున్న చోటది. వయసు, మార్కుల నిబంధనలు మారుతుంటాయి, కాబట్టి తాజా నోటిఫికేషన్ చూసే లెక్కేసుకోండి.

ఫీజు కట్టే ముందు ఇంకో పని... మెడికల్. డెక్ వైపు కళ్లద్దాలు లేకుండా చూపు పక్కాగా ఉండాలి. ఇంజిన్ వైపు కొంత సడలింపు ఉంది. రంగులు గుర్తించడంలో తేడా ఉంటే మాత్రం ఎటూ కుదరదు. డీజీ షిప్పింగ్ గుర్తింపు ఉన్న డాక్టర్ దగ్గరే చూపించుకోండి. కోర్సు అయ్యాక ఈ సంగతి బయటపడితే ఫీజు, ఏడాది కాలం రెండూ పోతాయి.

డబ్బులడిగారా... అక్కడే ఆగండి

నాకు తెలిసిన ఓ కుర్రాడిని ‘ఓడలో ఉద్యోగం గ్యారంటీ, మూడు లక్షలు రెడీ చేసుకో’ అన్నాడో ఏజెంటు. ఇంట్లోవాళ్లు బంగారం తాకట్టు పెట్టడానికి సిద్ధమైపోయారు కూడా. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది. ఓడల్లో ఉద్యోగాలు ఇప్పించే కంపెనీకి డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్ లైసెన్స్ ఉండాలి. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోకూడదు. లైసెన్స్ ఉన్నవాళ్ల జాబితా డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఆ కుర్రాడు పది నిమిషాలు వెతికితే, ఏజెంటు చెప్పిన కంపెనీ పేరు అందులో లేనే లేదు. బంగారం ఇంట్లోనే ఉండిపోయింది. లెటర్‌హెడ్, యూనిఫాం ఫొటోలు, విదేశీ వీసా కాపీలు చూసి నమ్మొద్దు. గుర్తింపు ఉన్న కాలేజీకి కోర్సు ఫీజు కట్టడం వేరు, ఉద్యోగం కోసం మనిషి చేతిలో డబ్బు పెట్టడం వేరు.

ఓ జాగ్రత్త

పరీక్షకో, ఇంటర్వ్యూకో వెళ్తుంటే మాత్రం ఓడను నమ్ముకోవద్దు. వాతావరణం, బెర్త్ ఖాళీ, రిపేర్లు... ఏ కారణంతోనైనా తేదీ మారొచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానుల కాలం. వెళ్లేటప్పుడు ఓడ, వచ్చేటప్పుడు విమానం అనుకుంటే మధ్యలో రెండు మూడు రోజుల ఖాళీ ఉంచుకోండి. ఒరిజినల్ ఫొటో గుర్తింపు కార్డు, డౌన్‌లోడ్ చేసిన పుస్తకాలు, పవర్ బ్యాంక్, ఓ నోట్‌బుక్... సామాన్లలో ఇవి తప్పనిసరి.

ఆ నోట్‌బుక్‌లో రోజూ రాత్రి ఓ నాలుగు లైన్లు రాయండి. ఏది నచ్చింది, ఏది భరించలేకపోయారు, సిబ్బంది ఏం చెప్పారు... అన్నీ. ఇంటికొచ్చాక అమ్మానాన్నల ముందు పెట్టాల్సింది జీతాల వీడియో కాదు, ఆ పేజీలు. అవును అన్నా, కాదు అన్నా, అది మీరు చూసి చెప్పిన మాట అవుతుంది.