చేతిఫోనులో పులిజూదము



రచ్చబండపై బొగ్గుతో గీతలు గీసి, చింతగింజలను మేకలుగను, పెద్దరాళ్లను పులులుగను ఉంచి ఆడు పులిజూదమును మీకు వర్ణించి చెప్పవలసిన పనిలేదు. గద్వాల, వనపర్తి ప్రాంతములందును, అమ్రాబాదు అడవిలో నిజమైన పులులే తిరుగాడు నాగర్‌కర్నూలు జిల్లాలోను దీని నెఱుగనివారు మీలో అరుదు. ఇప్పుడా యాటయే చేతిఫోనులోనికి వచ్చియున్నది. గీతలు గాజుపలకపై వెలుగును; వ్రేలు మోపిన మేక కదలును; ఎదుట మనిషి లేకున్నను యంత్రమే పులియై ఆడును. ఆ యంత్రము లోపల నేమి చేయుచున్నదో, అది ఆడుచున్నది మీ యాటయేనో కాదో నేడు మనవి చేసెదను.

యంత్రమునకు గీతయు బండయు లేవు, ఉన్నవి అంకెలు. సాధారణమైన పులిజూదపు పటములో శిఖరమున ఒకటి, మూడు అడ్డగీతలపై ఆఱేసి, అడుగున నాలుగు, వెరసి 23 చోట్లు గలవు. ఆటను వ్రాయువాడు వీనికి 1 మొదలు 23 వఱకు సంఖ్యలిచ్చి, ఏ చోటినుండి ఏ చోటికి దారి కలదో ఒక పట్టికయు, ఏ మూడు చోట్లు వరుసగ ఒకే గీతపై నున్నవో మఱియొక పట్టికయు కూర్చును. ఈ రెండవది పులి దుముకుటకు: నడుమ మేక, ఆవల ఖాళీ ఉన్నచో దుముకు చెల్లును.

ఇక ఆలోచన. "నేనిది కదిపిన నతడేమి కదుపును, అప్పుడు నేనేమి కదుపుదును" అని మీరు మనసులో నాలుగెత్తులు చూచినట్లే అదియు చూచును. మీరు పనికిమాలిన ఎత్తులను తలపకయే విడుతురు. అది వానిని గూడ లెక్కించును. చిట్టచివర నిలిచిన ప్రతి స్థితికిని విలువ కట్టును: చచ్చిన మేక పులికి లాభము, కట్టుబడిన పులి మేకలకు లాభము. ఎదుటివాడు తనకు మిక్కిలి కీడైన ఎత్తే వేయునని తలచి, అందులో మేలైన దారి నెన్నుకొనును. పసివాడు గెలువవలెనన్న దానిని రెండెత్తులకు మించి చూడనీయరు.

నేపాళ దేశమున మన యాటకు దాయాదియైన బాఘ్‌చాల్ కలదు. నాలుగు పులులు, 20 మేకలు, 25 చోట్లు. యూ జిన్ లిమ్, యూర్గ్ నీవెర్గెల్ట్ అను పరిశోధకులు కంప్యూటరుచే లెక్కింపించి, ఇరుపక్షములును తప్పులేక ఆడినచో నది గెలుపోటములు లేక సరిసమానముగ ముగియునని తేల్చిరి.

నాకు చింత గలిగించునది వేఱొకటి. మేకలన్నియు దిగకమునుపు దిగినదానిని కదపవచ్చునా? పులి ఒక్క ఎత్తులో రెండు మేకలను వరుసగ దుముకవచ్చునా? ఎన్ని మేకలు పోయిన పులి గెలిచినట్లు? ఇవి చోటుచోటునకు మాఱును. రచ్చబండపై తగవు వచ్చిన పెద్దవాని మాటతో తీఱును. యంత్రము సందిగ్ధమును సహింపదు. వ్రాసినవాడు ఏదో యొకటి నిశ్చయింపవలసినదే. వాడెక్కడివాడో, వాడు నేర్చినది ఏ యూరి యాటయో, ఆడు పిల్లవానికి తెలియదు. వనపర్తి దగ్గఱ నొక యూర, "తాతా, అట్లు చెల్లదు, ఫోను ఒప్పుకొనదు" అని మనుమడనగా, ఆ ముసలివాడు మాటాడక చింతగింజలు సంచిలో పోసికొని లేచిపోవుట కన్నులార చూచితిని. అరువది యేండ్లుగ నాడిన ఆట యది!

ఆ నియమమును మార్చుట వ్రాయువానికి కష్టము కాదు. ఒక అంకెయో, ఒక పంక్తియో దిద్దిన చాలును. కావున పైమూడు ప్రశ్నలకు మీ యూరి సమాధానములను, మేకలు పదునైదో వేఱో, పులులు మూడో నాలుగో, అవి మొదట ఏ చోట్ల కూర్చుండునో, చదువుకొన్న పిల్లలచే పటముతో సహా ఒక కాగితముపై వ్రాయించి, ఊరిపేరు పైన వేసి, బడిలో నుంపుడు.