వెనక నుంచి "టక్" మంటే: సబ్‌ఫ్రేమ్ బుష్‌ల సంగతి

కానింగ్ వేల్‌లో మా వీధిలో చాలా ఇళ్ళ ముందు రెండేసి కార్లుంటాయి. రెండోది సాధారణంగా ఇరవై ఏళ్ళ పాతది, పిల్లలు డ్రైవింగ్ నేర్చుకోడానికి ఉంచినది. ఇవాళ నా మాటలన్నీ ఆ రెండోదాని గురించే.

రాన్‌ఫర్డ్ రోడ్డు సిగ్నల్ దగ్గర గ్రీన్ పడగానే వెనక నుంచి "టక్" మని వినిపిస్తుంది. రివర్స్ నుంచి డ్రైవ్‌లోకి మారిస్తే మళ్ళీ టక్. డిక్కీలో ఏదో దొర్లిందిలే అనుకుంటాం. వెనక చక్రాలతో నడిచే పాత కార్లలో చాలాసార్లు అది సబ్‌ఫ్రేమ్ బుష్‌ల చప్పుడండీ. డిఫరెన్షియల్, వెనక సస్పెన్షన్ చేతులు బిగించి ఉండే ఇనుప చట్రమే సబ్‌ఫ్రేమ్. చాలా కార్లలో అది నాలుగు చోట్ల రబ్బరు బుష్‌ల మీదుగా బాడీకి బిగించి ఉంటుంది. రబ్బరు చిరిగితే చట్రం కదులుతుంది, దాంతోపాటు చక్రాలూ పక్కకు జరుగుతాయి. మలుపులో గతుకు తగిలితే వెనక భాగం తనంతట తానే స్టీరింగ్ తిప్పుకున్నట్టుంటుంది. బీఎమ్‌డబ్ల్యూ ఈ46 లాంటి వాటిలోనైతే బోల్టులు పట్టుకున్న నేల రేకే చీలుతుంది. అప్పుడది వెల్డింగ్ పని, మన చేతుల్లో ఉండదు.

సిడ్నీలో ఐదేళ్ళు దాటిన కారుకి ఏటా పింక్ స్లిప్ తనిఖీ ఉంటుంది. మన వెస్టర్న్ ఆస్ట్రేలియాలో మామూలు కారుకి అలా ఏటా తనిఖీ లేదు. కాబట్టి బండి కింద చూసుకోవాల్సింది మనమే.

ఇక పని. నేనూ మా బావమరిదీ శని, ఆదివారాలు రెండూ పెట్టాం. అన్నిటికన్నా ముఖ్యం స్టాండ్లు. పెర్త్ ఇళ్ళ ముందు ఇటుకల కింద ఇసుకే కదా, బరువు పడితే దిగుతుంది. మందపాటి ప్లైవుడ్ పలక వేసి, స్టాండ్లు సబ్‌ఫ్రేమ్‌కి కాదు, బాడీకి మాన్యువల్ చూపించిన చోట పెట్టండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎప్పుడూ దూరకండి.

సైలెన్సర్ పైపు విప్పి, డిఫరెన్షియల్ కింద జాకీ ఆనించి, బోల్టులు వదులు చేసి చట్రాన్ని కొద్దికొద్దిగా దించాలి. బ్రేకు గొట్టాలు, హ్యాండ్‌బ్రేకు తీగలు, ఏబీఎస్ వైర్లు లాగకుండా ఒకరు చూస్తూనే ఉండాలి. పాత బుష్ ఏ దిక్కుకు తిరిగి ఉందో తీసేముందే గీత గీసుకోండి. కొత్తది వంకరగా కూర్చుంటే మళ్ళీ మొదటికే వస్తుంది. తీయడానికి పొడవాటి మరల రాడ్, గిన్నెలాంటి గొట్టం, నట్లు చాలు. రబ్బరుని మంటతో కాల్చే వాళ్ళున్నారు. పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంటుంది, వద్దు.

కొత్త బుష్‌లకు ఇనుప తొడుగు ఉంటే రాత్రంతా ఫ్రీజర్‌లో, కొబ్బరి తురుము పాకెట్ల పక్కన పెట్టండి. తొడుగు కాస్త కుంచించుకుని సులువుగా దిగుతుంది. జారడానికి సబ్బునీళ్ళు వాడండి. నూనె, గ్రీజు రబ్బరుని తినేస్తాయి. పాలీయురేథేన్ బుష్‌లు ఎక్కువ కాలం మన్నుతాయి కానీ రోడ్డు చప్పుడంతా లోపలికి తెస్తాయి. నా మాట వింటే ఇంటి బండికి రబ్బరే వెయ్యండి.

బోల్టులు కొత్తవి వేసి, మాన్యువల్‌లో రాసిన టార్క్‌కే బిగించండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ సరిచూసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. అప్పటిదాకా పిల్లలకు తాళాలివ్వకండి.