దొంగతనానికి స్పానిష్‌లో ఎన్ని పేర్లో!

మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారితే తార్నాక. అక్కడి ఇఫ్లూ యూనివర్సిటీలో స్పానిష్ నేర్పుతారు. ఇంట్లో పిల్ల ఆ పాఠాలు వల్లె వేస్తుంటే, కూర తరుగుతూ వినే తల్లికీ నాలుగు ముక్కలు పట్టుబడతాయి. మిగతావి ఎలా ఉన్నా, నేరాల మాటలు మాత్రం చెవి ఒగ్గి వినదగ్గవి.

దొంగ అంటే 'లద్రోన్', సాక్షి 'తెస్తీగో', ఫిర్యాదు 'దెనూన్సియా', జైలు 'కార్సెల్'. అసలు తమాషా దొంగతనం దగ్గరుంది. ఎవరి జోలికీ పోకుండా, చడీచప్పుడూ లేకుండా కొట్టేస్తే 'ఉర్తో'. (రాసేటప్పుడు ముందు హెచ్ ఉంటుంది, పలకరు!) బెదిరించో, కొట్టో, తాళం పగలగొట్టో తీసుకుంటే 'రోబో'. రజనీకాంత్ సినిమా గుర్తొచ్చిందా? దానికీ దీనికీ సంబంధం లేదు లెండి. చేతిసంచీ లాక్కుని పారిపోతే 'తిరోన్', అంటే మన గుంజుడే.

మనమో? చీపురు పోయినా, మెడలో పుస్తెలతాడు తెంపుకుపోయినా "దొంగలు పడ్డారమ్మా" అనేస్తాం. పొరుగింటి పిన్నిగారికి ఆ మాట చాలు. పోలీసుస్టేషన్లో చాలదు.

2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా ఈ తేడాలు పాటిస్తుంది. మామూలు దొంగతనం 303వ సెక్షన్. చటుక్కున గుంజుకుపోవడం 304. దీనికి 1860 నాటి ఐ.పి.సి.లో విడిగా సెక్షనే లేదు. ఈ 304 కింద మూడేళ్ల దాకా జైలు. అదే దొంగ మిమ్మల్ని కొట్టినా, కత్తి చూపి భయపెట్టినా, కదలకుండా అడ్డగించినా దోపిడీ, 309. శిక్ష పదేళ్ల దాకా పోతుంది. ఐదుగురు లేక అంతకుమించి కలిసి దోచుకుంటే బందిపోటుతనం, 310.

అందుకే ఫిర్యాదులో "గొలుసు పోయింది" అని ఊరుకోకండి. తోశాడా, మెడ గీసుకుందా, ఏమని బెదిరించాడు, ఎంతమంది వచ్చారు, అన్నీ చెప్పండి. సిగ్గుపడి దాచుకున్న గాయమే కేసులో పెద్ద తేడా తేవచ్చు. సెక్షన్ల నెంబర్లు మీరు బట్టీ పట్టక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు.

అన్నట్టు మన హైదరాబాదులో ఇంకో తిరకాసుంది. తెలుగులో 'ముద్దాయి' అంటే నేరం మోపబడ్డవాడు. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు! పాత కాగితాలు చదివేటప్పుడు జాగ్రత్త సుమా.

రాయడం రాకపోతే నోటితో చెప్పినా పోలీసులు రాసుకుని, మీకు చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. నేరం వేరే స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితం, అడిగి తెచ్చుకోండి. ఆపదలో ఫోను 112కి.