దేహపు పెరుగుదలయు చక్కెర వ్యాధియు

మీరాలం మండికి కూరగాయలు తోలుకొనిపోవు మన సభ్యులలో కొందఱు, తిరుగుదారిని నయాపూల్ దాటి అఫ్జల్‌గంజిలోని ఉస్మానియా ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకొని వచ్చుచున్నారు. చక్కెర వ్యాధి పట్టణవాసులదే యని యెంచిన దినములు గడచినవి. తీపి తినుటవలననే యిది వచ్చునని మనవారి నమ్మకము. విషయ మంత సులభము కాదు.

మనము భుజించిన యన్నము రక్తములో గ్లూకోజుగా మాఱును. దానిని కండలలోనికి పోనిచ్చునది క్లోమమున బుట్టు ఇన్సులిను. 1921లో టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు దీనిని కనుగొనిరి. 1963లో ఫ్రోష్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోటివారును, ఇన్సులినును అణచివేసినను రక్తమున దానివంటి శక్తి మిగులుట గమనించిరి. 1978లో రిండర్‌క్నెక్టు, హుంబెలు అనువారు ఆ పదార్థపు నిర్మాణమును తేల్చిరి. ఇన్సులినువంటి వృద్ధికారకమని దానికి పేరు. అది ముఖ్యముగ కాలేయమున బుట్టి యెముకలను, కండలను బెంచును. గ్లూకోజును గూడ కొంత దింపును. పొలమునకు నీరు విడుచు తూము ఇన్సులినైనచో, పైరును దుబ్బు కట్టించునది వృద్ధికారకము. పోలిక మోటుదే కాని మన పనికి చాలును.

తిండి చాలని బిడ్డకు ఈ కారకము తగ్గి, ఎరువులేని నారువలె గిడసబారును. తక్కువ బరువుతో బుట్టినవారికి పెద్దయైన పిమ్మట చక్కెర వ్యాధి వచ్చు నవకాశము హెచ్చు. 1987 మొదలు 1990 వఱకు హైదరాబాదు సమీపమున కొన్ని గ్రామములలో గర్భిణులకును ఆఱేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండితో వండిన యాహార మిచ్చిరి, మఱికొన్నింటిలో ఈయలేదు. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారైన పిమ్మట మొత్తము 29 గ్రామములలో పరీక్షించి 2008లో ఫలితములను ప్రకటించిరి. ఆహారమందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవుగ నుండిరి. అంతకంటె ముఖ్యముగ, దేహము ఇన్సులినుకు లొంగని గుణము వారిలో నూటికి 20 వంతులు తక్కువ.

అట్లని ఈ కారక మెంత హెచ్చిన నంత మేలనరాదు. ఈక్వడారు దేశమున ఇది పుట్టుకతోనే మిక్కిలి తక్కువైన పొట్టివారిలో చక్కెర వ్యాధి కానరాలేదని 2011లో తెలిసినది! కావున పెరుగుదల మందులమ్మువారి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకొనకుడు.

పాలు పట్టణమునకు, కందులు వర్తకుని కొట్టునకు పోయి, చూలాలికి తెల్లబియ్యమును పచ్చడియు మాత్రమే మిగులుట మే మనేక గృహములలో జూచినాము. ఈ యేడు కందులు తూకమునకు వేయుటకు ముందే ఇంటివారికి చాలునంత వేఱుగ కట్టి యుంచుడు. గర్భిణికి రక్తములో చక్కెర పరీక్షయు చేయింపుడు.