మన డాక్టర్ క్లినిక్‌కి ఎన్ని మార్కులు?

ఇంగ్లండ్‌లో కొత్తగా దిగిన తెలుగువాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. రూమ్ ఎక్కడ దొరుకుతుంది? ఇండియన్ స్టోర్ ఎంత దూరం? ఏ జీపీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి? మొదటి రెండింటికీ పది జవాబులొస్తాయి. మూడోదానికి మాత్రం ‘మీ ఇంటికి దగ్గర్లో ఏదుంటే అది’ అంటారు. ఉద్యోగానికని వచ్చిన కొత్తలో నాకూ అదే సలహా దొరికింది. బిర్యానీ ఆర్డర్ పెట్టాలంటే నాలుగు రివ్యూలు చదివే మనం, డాక్టర్‌ని మాత్రం దూరం చూసి ఎంచుకుంటాం!

జీపీ అంటే జనరల్ ప్రాక్టీషనర్. మన ఫ్యామిలీ డాక్టర్ అన్నమాట. వాళ్ల క్లినిక్‌ని ఇక్కడ ‘సర్జరీ’ అంటారు. కంగారు పడకండి, లోపల పెద్ద ఆపరేషన్లేమీ ఉండవు. జ్వరం నుంచి షుగర్ దాకా ముందు వెళ్లాల్సింది అక్కడికే. స్పెషలిస్టుకి చూపించుకోవాలన్నా మామూలుగా వీళ్లే రాసివ్వాలి. అందుకే ఆ క్లినిక్ సరిగ్గా పనిచేస్తోందా లేదా అన్నది చిన్న విషయం కాదు.

ఐదు ప్రశ్నలు.. నాలుగు గ్రేడ్లు

ఆ సంగతి తేల్చడానికి ఇక్కడ కేర్ క్వాలిటీ కమిషన్ అని ఓ సంస్థ ఉంది. పొట్టిగా సీక్యూసీ. 2009లో మొదలైంది. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు, జీపీ క్లినిక్‌లు అన్నీ దీని పరిధిలోనివే. వీళ్లు అడిగేవి ఐదు ప్రశ్నలు. పేషెంట్‌కి ఇక్కడ భద్రత ఉందా? వైద్యం ఫలితమిస్తోందా? మర్యాదగా, ప్రేమగా చూస్తున్నారా? అవసరానికి తగ్గట్టు స్పందిస్తున్నారా? నిర్వహణ బాగుందా?

చివర్లో ‘అవుట్‌స్టాండింగ్’, ‘గుడ్’, ‘రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్’, ‘ఇనాడిక్వేట్’లలో ఏదో ఒక గ్రేడ్ ఇస్తారు. ఆ గ్రేడ్‌ని క్లినిక్‌లో అందరికీ కనిపించేలా పెట్టడం 2015 ఏప్రిల్ నుంచి చట్టప్రకారం తప్పనిసరి. చివరి గ్రేడ్ వచ్చి, ఆ తర్వాత కూడా మారకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం సీక్యూసీకి ఉంది.

అసలు పరీక్ష కంప్యూటర్‌లో!

తనిఖీ అనగానే నేలలు తుడిచారా, బాత్రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయా అని చూస్తారనుకుంటాం. అవీ చూస్తారు. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటోందా, ఎమర్జెన్సీ మందుల ఎక్స్‌పైరీ దాటిందా, ఆక్సిజన్ సిలిండర్ సిద్ధంగా ఉందా.. ఇవన్నీ లిస్టులో ఉంటాయి.

సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి నన్ను ఆకట్టుకున్నది మాత్రం వేరే. ఇక్కడ జీపీల రికార్డులన్నీ ఈమిస్, సిస్టమ్‌వన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంటాయి. తనిఖీ బృందంలోని డాక్టర్ వాటిలో ముందే రాసిపెట్టిన సెర్చ్‌లు నడిపిస్తారు. మెథోట్రెక్సేట్ వాడుతూ బ్లడ్ టెస్ట్ గడువు దాటినవాళ్లు ఎందరు? రిపోర్ట్‌లో షుగర్ కనిపిస్తున్నా ‘డయాబెటిస్’ అని రికార్డులో ఎక్కనివాళ్లు ఎందరు? ఆస్తమా ముదిరి మళ్లీమళ్లీ స్టెరాయిడ్లు తీసుకున్నా ఫాలోఅప్ లేనివాళ్లు ఎందరు? మా భాషలో ఇది ఒక క్వెరీ, అంతే. కానీ బయటికొచ్చే ప్రతి వరుసా ఓ మనిషి.

దీని విలువ నాకు అమ్మ వల్ల తెలిసింది. గుంటూరులో ఉండే అమ్మకి కీళ్లవాతం. వారానికి ఒక్కసారి మెథోట్రెక్సేట్ వేసుకుంటుంది. మంచి మందే, కానీ లివర్‌నీ రక్తకణాలనీ దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి క్రమం తప్పకుండా రక్తపరీక్షలు చేయించాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. మెడికల్ షాపులో పాత చీటీ చూపిస్తే చాలు, మందు ఇచ్చేస్తారు. టెస్ట్ ఎప్పుడు చేయించారని ఎవరూ అడగరు. అమ్మ మర్చిపోతే గుర్తుచేసే సిస్టమ్ అంటూ ఏదైనా ఉంటే, అది నా ఫోన్‌లో రిమైండరే!

ఇక్కడా అంతా బంగారం కాదు

అలాగని సీక్యూసీని నెత్తిన పెట్టుకోవాల్సిన పనీ లేదు. డాక్టర్ పెన్నీ డాష్ 2024లో ఈ సంస్థ పనితీరునే సమీక్షించారు. సీక్యూసీ తనిఖీ చేయాల్సిన చోట్లలో దాదాపు ఐదింట ఒకదానికి అసలు ఎప్పుడూ గ్రేడే ఇవ్వలేదని అందులో తేలింది. కొన్నిచోట్ల ఏళ్లనాటి గ్రేడ్లే కొనసాగుతున్నాయి. కొత్తగా తెచ్చిన ఐటీ సిస్టమ్ కూడా సరిగ్గా పనిచేయక ఇబ్బంది పెట్టింది. కాబట్టి ‘గుడ్’ అని ఉంటే సరిపోదు, అది ఎప్పటి ‘గుడ్’ అన్నది చూడాలి.

మన దగ్గర సంగతేంటి?

మన ప్రభుత్వ ఆసుపత్రులకీ, పీహెచ్‌సీలకీ ఎన్‌క్వాస్ అనే జాతీయ నాణ్యతా ప్రమాణాలున్నాయి. సర్టిఫికెట్ రావాలంటే మొత్తంమీద కనీసం 70 శాతం మార్కులు రావాలి. ప్రైవేటు ఆసుపత్రులకి ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు ఉంది కానీ, అది వాళ్లు కోరుకుంటేనే. క్లినిక్‌లకి రిజిస్ట్రేషన్ చట్టం తెలంగాణలోనూ ఉంది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఉంది. కానీ వీధి చివరి క్లినిక్ గుమ్మం మీద గ్రేడ్, తేదీ, లోపాల జాబితా చదివే వీలు మనకింకా లేదు.

అంతవరకూ మనమే చేయగలిగినవి కొన్ని:

• ఇంగ్లండ్‌లో ఉంటే, జీపీని ఎంచుకునే ముందు సీక్యూసీ సైట్‌లో రిపోర్ట్ చూడండి. మొత్తం గ్రేడ్ కన్నా ముందు తేదీ, ‘సేఫ్’ అన్న విభాగం చదవండి.

• ఇండియాలో అయితే క్లినిక్‌లో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉందో లేదో గమనించండి.

• ఇంట్లో ఎవరైనా ఏళ్ల తరబడి ఒకే మందు వాడుతుంటే, దానికి ఏ టెస్ట్ ఎన్నాళ్లకోసారి చేయించాలో డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

• ‘టెస్ట్‌కి మేం రాకపోతే మీరు ఫోన్ చేస్తారా?’ అని రిసెప్షన్‌లో అడగండి. ‘చేస్తాం’ అనే క్లినిక్ దొరికితే, ఓ కిలోమీటరు దూరమైనా వెళ్లొచ్చు.